ఎమ్మెల్యే ప్రొఫైల్ రాయడం ఎట్లా: ఒక పాత డెస్క్ మనిషి మాటలు

ఎన్నికల నోటిఫికేషన్ పడిందంటే చాలు, అభ్యర్థి అనుచరుడు ఎవరో ఒకరు వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపుతాడు. "నిరుపేద రైతు కుటుంబంలో జన్మించి, విద్యార్థి దశ నుంచే నాయకత్వ లక్షణాలు పుణికిపుచ్చుకుని..." అని మొదలవుతుంది. పేరు తీసేసి చదివితే అది ఎవరికైనా సరిపోతుంది. మన మండల రిపోర్టర్లలో సగం మంది దాన్నే రెండు వాక్యాలు అటూ ఇటూ చేసి డెస్క్‌కు కొట్టేస్తారు. హన్మకొండలో ఒక దినపత్రిక జిల్లా డెస్క్‌లో పనిచేసి రిటైరైన నేను అట్లాంటి కాపీలు లెక్కలేనన్ని దిద్దాను. ఇప్పుడు కొత్తగా ఈ పనిలోకి వచ్చిన పిల్లలు ఫోన్ చేసి, "అన్నా, ఎమ్మెల్యే ప్రొఫైల్ ఎట్లా రాయాలె?" అని అడుగుతున్నారు. అందరికీ ఒకేసారి చెప్తున్నా.

ముందు ఆ పీడీఎఫ్‌ను పక్కన పెట్టండి. ఇంటిపేరు, తల్లిదండ్రుల పేర్లు, ఫోన్ నంబరు మాత్రం రాసుకోండి. అంతకు మించి దాంతో పని లేదు.

మనిషి జోలికి పోకముందే నియోజకవర్గం సంగతి తేల్చుకోవాలి. ఇది చేయకుండా రాసిన ప్రొఫైల్‌లో తప్పు ఉండి తీరుతుంది. 2008లో నియోజకవర్గాల హద్దులు మార్చిన పునర్విభజన మన దగ్గర సీట్లను తలకిందులు చేసింది. 2009 ఎన్నికల నాటికి హన్మకొండ సీటు పోయి వరంగల్ పశ్చిమ వచ్చింది. పాత వరంగల్ సీటు వరంగల్ తూర్పు అయింది. శాయంపేట, చేర్యాల సీట్లు లేకుండా పోయాయి. భూపాలపల్లి, పాలకుర్తి కొత్తగా పుట్టాయి. అటు కరీంనగర్ వైపు కమలాపూర్ సీటు మాయమైంది. రిజర్వేషన్లూ మారాయి. ఎస్సీ సీటుగా ఉన్న పరకాల జనరల్ అయింది, జనరల్‌గా ఉన్న వర్ధన్నపేట ఎస్సీకి పోయింది. మహబూబాబాద్, డోర్నకల్ ఎస్టీ సీట్లయ్యాయి.

ఇది తెలియనివాడు ఎర్రబెల్లి దయాకర్‌రావు గురించి రాస్తే "వర్ధన్నపేటను వదిలి పాలకుర్తికి మకాం మార్చారు" అంటాడు. వర్ధన్నపేట రిజర్వు అయ్యాక ఆయన అక్కడ పోటీ చేసే వీలే లేదు. 1994, 1999, 2004లో వర్ధన్నపేట నుంచి, 2009, 2014, 2018లో పాలకుర్తి నుంచి గెలిచారు. మధ్యలో జరిగింది పునర్విభజన. కొండా సురేఖదీ అదే కథ. శాయంపేటలో 1999, 2004లో గెలిచిన ఆమె 2009లో పరకాలకు వచ్చారంటే, శాయంపేట అన్న సీటే లేదు గనక. అటు తర్వాత 2014లో, 2023లో వరంగల్ తూర్పు నుంచి గెలిచారు. ఈ ఒక్క కారణం రాయకపోతే మనిషి నిలకడ లేనిదన్నట్టు పాఠకుడికి అనిపిస్తుంది. అది అన్యాయం.

దీనికి తిరగబడ్డ కథ డోర్నకల్‌ది. అది జనరల్ సీటుగా ఉన్నప్పుడే లంబాడా నాయకుడు రెడ్యా నాయక్ 1989 నుంచి 2004 దాకా వరసగా నాలుగుసార్లు గెలిచారు. ఎస్టీ సీటు అయిన 2009లో మాత్రం సత్యవతి రాథోడ్ చేతిలో ఓడిపోయారు. మళ్ళీ 2014, 2018లో గెలిచారు. ఏ పీడీఎఫ్‌లోనూ ఈ ముక్క కనబడదు. నాకైతే ఆయన రాజకీయ జీవితంలో మొదట చెప్పాల్సిన విషయం ఇదే.

జిల్లా పేరు కూడా జాగ్రత్త. 2016 అక్టోబరులో పది జిల్లాలు ముప్పై ఒకటయ్యాయి, 2019లో ములుగు, నారాయణపేట కలిసి ముప్పై మూడయ్యాయి. నియోజకవర్గాల గీతలు మాత్రం పాతవే. అందుకే పాలకుర్తి ఎమ్మెల్యేకు జనగామ, వరంగల్, మహబూబాబాద్ మూడు జిల్లాల కలెక్టర్లతో పని. రాయపర్తి ఒక జిల్లాలో, తొర్రూరు ఇంకో జిల్లాలో ఉన్నాయి. జనగామ ఎమ్మెల్యేకు చేర్యాల మీద సమీక్ష కావాలంటే సిద్దిపేట పోవాలి. కమలాపూర్ మండలం హన్మకొండ జిల్లాలో ఉంది, ఓటు హుజూరాబాద్‌కు వేస్తుంది. "ఫలానా జిల్లా ఎమ్మెల్యే" అని గుడ్డిగా రాయొద్దు.

ఇక గెలుపోటములు. "నాలుగుసార్లు ఎమ్మెల్యే" అని అందరూ రాస్తారు. దేనికి నాలుగు? గెలిచిన ఎన్నికలు నాలుగా, కూర్చున్న శాసనసభలు నాలుగా? ఉద్యమం నడిచిన ఉత్తర తెలంగాణలో ఈ రెండూ ఒకటి కావు. 2008లో, 2010లో రాజీనామాలు చేసి ఉప ఎన్నికలు తెచ్చుకున్న నేల ఇది. 2010 జులైలో పన్నెండు సీట్లకు ఉప ఎన్నికలు జరిగితే పదకొండు టీఆర్ఎస్, ఒకటి బీజేపీ గెలిచాయి. దాస్యం వినయ్ భాస్కర్ వరంగల్ పశ్చిమలో 2009, 2010, 2014, 2018లో గెలిచారు. గెలుపులు నాలుగు, సభలు మూడే. 2009, 2010 రెండూ ఒకే సభ కిందికి వస్తాయి. ఈటల రాజేందర్‌ది ఇంకా చిక్కు లెక్క. కమలాపూర్‌లో 2004, 2008, హుజూరాబాద్‌లో 2009, 2010, 2014, 2018, 2021. ఏడు గెలుపులు, నాలుగు సభలు. రెండు అంకెలూ వేయండి. ఒకటే వేస్తే అటు అభిమానులు, ఇటు ప్రత్యర్థులు ఇద్దరూ ఫోన్ చేస్తారు.

సభకు ఐదేళ్ళు అన్న లెక్క కూడా పెట్టుకోవద్దు. 1983 జనవరిలో ఎన్నికైన సభ 1984 నవంబరులో రద్దయి, 1985 మార్చిలో మళ్ళీ ఎన్నికలు వచ్చాయి. తెలంగాణ తొలి శాసనసభ 2018 సెప్టెంబరు 6న రద్దయింది. ఇంకా వెనక్కి పోతే, 1957లో ఎన్నికలు జరిగింది తెలంగాణ ప్రాంతంలోనే. ఆంధ్ర ప్రాంతం సభ్యులు 1955లో గెలిచినవాళ్ళే కొనసాగారు. పీవీ నరసింహారావు మంథని నుంచి మొదటిసారి గెలిచింది ఆ 1957లోనే. అక్కడి నుంచి 1962, 1967, 1972. అంతకు ముందు 1952 నాటిది హైదరాబాద్ రాష్ట్ర శాసనసభ, 175 స్థానాలు. అప్పటి సభ్యుణ్ణి "ఆంధ్రప్రదేశ్ మాజీ ఎమ్మెల్యే" అని రాయడం చూస్తే నాకు ఒళ్ళు మండేది.

ఓటములను దాచొద్దు. పీడీఎఫ్‌లో అవి ఉండవు గనక మీరే వెతకాలి. ముఖ్యమంత్రిగా చేసి, కేంద్రంలో పెద్ద శాఖలు చూసిన పీవీ 1984 లోక్‌సభ ఎన్నికల్లో హన్మకొండలో చందుపట్ల జంగారెడ్డి చేతిలో ఓడిపోయారు. దేశం మొత్తం మీద ఆ ఎన్నికల్లో బీజేపీ గెలిచినవి రెండే సీట్లు, అందులో ఒకటి మనది. కేసీఆర్ 1983లో సిద్దిపేటలో ఓడి 1985లో గెలిచారు. ఓడిన తర్వాత ఆ రెండేళ్ళో ఐదేళ్ళో ఏం చేశారన్నది అడిగితే అసలు మనిషి బయటపడతాడు. వ్యాపారంలోకి పోయాడా, మండలాల్లో తిరిగాడా, పార్టీ మారాడా? సీతక్క జీవితం చూడండి. అజ్ఞాతం నుంచి బయటికొచ్చి, లా చదివి, 2004లో ములుగులో తెలుగుదేశం తరఫున ఓడి, 2009లో గెలిచి, 2014లో మళ్ళీ ఓడి, కాంగ్రెస్‌లోకి వచ్చి 2018, 2023లో గెలిచి మంత్రి అయ్యారు. మధ్యలో 2022లో ఉస్మానియా నుంచి డాక్టరేట్. ఆ రెండు ఓటములూ తీసేసి రాయండి, కథ చప్పబడిపోతుంది.

ఓట్ల అంకెలకు ఎన్నికల సంఘం గణాంక నివేదికలు చూడండి. పోలింగ్ బూత్ వారీగా కావాలంటే ఫారం 20 ఉంటుంది. అది చదవడం వచ్చినవాడికి సగం ప్రొఫైల్ అక్కడే దొరుకుతుంది. సొంతూళ్ళో ఎన్ని వచ్చాయి, అత్తగారి ఊళ్ళో ఎన్ని, పక్క తండాలో ఎన్ని అని గీత గీసి చూడండి. పోలై చెల్లిన ఓట్లలో ఆరో వంతు రాకపోతే డిపాజిట్ పోతుంది. "గల్లంతు" అని హెడ్డింగు పెట్టేముందు ఆ భాగహారం ఒకసారి చేయండి.

సభలోకి రాకముందు సంగతుల్లో తేదీల ఉచ్చులు ఉంటాయి. "1981లో ఎంపీపీగా ఎన్నికయ్యారు" అని కాపీ వస్తే అది తప్పు. ఎంపీపీ అంటే మండల పరిషత్ అధ్యక్షుడు. మండలాలు ఏర్పడిందే 1985లో, మండల ప్రజా పరిషత్ ఎన్నికలు జరిగింది 1987లో. అంతకు ముందు ఉన్నది పంచాయతీ సమితి ప్రెసిడెంటు. ఎంపీటీసీ, జెడ్పీటీసీ 1994 చట్టం తర్వాత వచ్చిన పదవులు. 1987లో ఎవరూ జెడ్పీటీసీ కాలేరు. అప్పుడు మండలాధ్యక్షుణ్ణీ, జెడ్పీ చైర్మన్‌నూ జనం నేరుగా ఓటేసి ఎన్నుకున్నారు. అందుకే 1987లో గెలిచిన మండలాధ్యక్షుడు అంటే చిన్న మనిషి కాదు, మండలమంతా ఓటేసిన మనిషి. ఇది రాయండి. అట్లాగే "1974లో కాకతీయ యూనివర్సిటీ విద్యార్థి నాయకుడు" అన్నా అనుమానించండి. కేయూ పెట్టింది 1976లో. ఎన్ఐటీ అన్న పేరు 2002లో వచ్చింది, అంతకు ముందు చదివినవాళ్ళది ఆర్ఈసీ, అంటే రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీ. పుట్టినతేదీ జూన్ ఒకటో, జులై ఒకటో ఉంటే అది బడిలో చేర్పించిన పంతులు వేసిన తేదీ అయ్యుండొచ్చు. రికార్డులో ఉన్నదే రాయండి గానీ ఆ రోజు పుట్టినరోజు ప్రత్యేక కథనం మాత్రం వేయకండి.

అఫిడవిట్ మీద కొంచెం ఎక్కువసేపు కూర్చోవాలి. నామినేషన్‌తో పాటు ఇచ్చే ఫారం 26 అది. కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు, ఆదాయ పన్ను వివరాలు అన్నీ అందులో ఉంటాయి. ఎన్నికల సంఘం సైట్‌లో స్కాన్ కాపీ దొరుకుతుంది. పేజీ ఒంకరగా, నోటరీ ముద్ర సరిగ్గా అంకె మీదే పడి, సర్వే నంబర్లు చేత్తో రాసి ఉంటాయి. ఓపిక చేసుకోండి. 2014, 2018, 2023 మూడూ పక్కపక్కన పెట్టుకుని చదవండి, ఒక్కదాన్నే చదివితే ఏమీ తెలియదు. భూమి విలువ పెరిగిందా, భూమే పెరిగిందా అన్నది విడగొట్టాలి. ఎకరం అదే ఉండి ధర మాత్రం పదింతలైతే అది రింగురోడ్డు మహిమ. కొత్త సర్వే నంబరు కనబడితే అప్పుడు అడగాల్సిన ప్రశ్న ఉంది. నలభై గుంటలు ఎకరం అన్న సంగతి మర్చిపోయి ఎకరాలను దశాంశాల్లో కూడితే లెక్క తప్పుతుంది. 2.30 అని రాసి ఉంటే అది రెండెకరాల ముప్పై గుంటలు, అంటే రెండు ముప్పావు ఎకరాలు. భార్య పేరున ఉన్నదీ, ఉమ్మడి కుటుంబం కిందిదీ వేరే వరసల్లో ఉంటాయి. మొత్తం చెప్పేటప్పుడు ఏవేవి కలిపారో చెప్పండి.

కేసుల దగ్గర మరీ జాగ్రత్త. "ఇరవై క్రిమినల్ కేసులు" అని హెడ్డింగు పెట్టడం చాలా తేలిక. మన దగ్గర చాలామంది మీద ఉన్నవి ఉద్యమ కేసులు. కాజీపేటలో పట్టాల మీద కూర్చుంటే రైల్వే చట్టం 174, రాస్తారోకో చేస్తే ఐపీసీ 341, గుంపు కడితే 143, ఆంక్షలు మీరితే 188. ఇవి వేరు, 420 వేరు. సెక్షన్లు చూసి రెండు కుప్పలుగా విడదీయండి. 2024 జులై 1 తర్వాతి కేసులైతే భారతీయ న్యాయ సంహిత నంబర్లుంటాయి, పాత నంబర్లతో పోల్చుకుని చూడండి.

పార్టీ మార్పుల గురించి రాసేటప్పుడు "గోడ దూకారు", "కారెక్కారు", "హస్తం గూటికి చేరారు" అన్నవి హెడ్డింగులకు వదిలేయండి. ప్రొఫైల్‌లో మూడు విషయాలు ఉండాలి. ఏ తేదీన కండువా కప్పుకున్నారు, అప్పటికి రాజీనామా చేశారా, స్పీకర్ ఏం తేల్చారు. కండువా మారినంత మాత్రాన సభ రికార్డులో పార్టీ మారదు. ఫిరాయింపుల చట్టం, అంటే పదో షెడ్యూలు, 1985లో వచ్చింది. మూడింట ఒక వంతు చీలిపోతే చెల్లుతుందన్న వెసులుబాటును 2003 సవరణ తీసేసింది. మిగిలింది మూడింట రెండు వంతుల విలీనం. 2019 జూన్‌లో జరిగింది అదే. కాంగ్రెస్ గెలిచినవి పంతొమ్మిది, ఉత్తమ్ కుమార్ రెడ్డి ఎంపీ అయి రాజీనామా చేస్తే పద్దెనిమిది మిగిలాయి, అందులో పన్నెండు మంది సరిగ్గా రెండు వంతులు. ఆ పన్నెండులో ఎవరి గురించైనా రాస్తే "విలీనంలో భాగంగా" అన్న మాట ఉండాలి. మీకు ఆ విలీనం నచ్చినా నచ్చకపోయినా సరే.

మంత్రి పదవి మాటకొస్తే, ప్రతి గెలుపు తర్వాతా అనుచరులు "మంత్రి పదవి ఖాయం" అని ఫ్లెక్సీ కడతారు. సభలో 119 మంది. అందులో పదిహేను శాతానికి మించి మంత్రులు ఉండకూడదని అదే 2003 సవరణ చెప్పింది. ముఖ్యమంత్రితో కలిపి పద్దెనిమిది. ఉమ్మడి వరంగల్‌వి పన్నెండు సీట్లు. చాలామంది ఎమ్మెల్యేల జీవితం మంత్రి పదవి లేకుండానే ముగుస్తుంది, అదేమీ లోపం కాదు. నర్సంపేట నుంచి ఐదుసార్లు గెలిచిన మద్దికాయల ఓంకార్‌ను తలుచుకునేవాళ్ళు ఈనాటికీ ఉన్నారు, మంత్రి పదవి చూసి కాదు.

సభలో ఏం చేశారన్నది మన ప్రొఫైళ్ళలో అసలు కనబడని భాగం. ప్రశ్నోత్తరాల్లో నక్షత్ర గుర్తు ప్రశ్నకు మంత్రి నోటితో జవాబు చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలు అడగొచ్చు. గుర్తు లేనిదానికి రాతలో జవాబు వస్తుంది. బడ్జెట్ పద్దుల మీద మాట్లాడారా, జీరో అవర్‌లో ఒక్క నిమిషం లేచి కూర్చున్నారా, ఏ కమిటీలో ఉన్నారు అని చూడండి. సభా కార్యక్రమాల రికార్డు ముద్రణలో ఉంటుంది. ఒక ఎమ్మెల్యే ఐదేళ్ళలో మాట్లాడినదంతా చదవడానికి ఒక మధ్యాహ్నం పట్టదు. కొందరిదైతే చాయ్ చల్లారేలోపు అయిపోతుంది.

అభివృద్ధి పనుల చిట్టా మీద నమ్మకం పెట్టుకోవద్దు. ఒకే రోడ్డుకు ఇద్దరు ఎమ్మెల్యేల శిలాఫలకాలు ఉన్న ఊళ్ళు మీకూ తెలుసు. జీవో నంబరు, టెండరు, పని పూర్తయిన సంవత్సరం, ఈ మూడూ చేతిలో ఉన్నవే రాయండి. "వందల కోట్లతో" అన్న మాటకు చోటు లేదు.

ఆ తర్వాత క్యాంపు ఆఫీసుకు పోండి, పొద్దున ఏడింటికే. ఇంటర్వ్యూ అడగొద్దు, ఒక మూలన కూర్చోండి. వచ్చేవాళ్ళ చేతుల్లో ఏముందో చూడండి. పాలిథీన్ కవర్లో ఆస్పత్రి బిల్లులు, కళ్యాణలక్ష్మి దరఖాస్తు, నిమ్స్‌కు ఎల్‌వోసీ (వైద్యం ఖర్చు సర్కారు కడుతుందన్న హామీ పత్రం) కోసం డాక్టరు రాసిన ఎస్టిమేషను, తిరుమల లెటరు కోసం ఆధార్ జిరాక్సులు. ఒకసారి నేను అట్లా కూర్చున్నప్పుడు కల్లెడ నుంచి ఒక ముసలామె వచ్చింది. పీఏ కాగితాలు తిరగేసి, "ఇవి జిరాక్సులవ్వా, సీఎం రిలీఫ్ ఫండ్‌కు అసలు బిల్లులు కావాలె" అన్నాడు. ఆమె "అసలుది దవాఖానోళ్ళే ఉంచుకున్నరు బిడ్డా" అంది. లోపలి గదిలోంచి ఎమ్మెల్యే తలుపు దగ్గరికి వచ్చి, "ఏ దవాఖాన? నంబరు కలుపు" అని పీఏను నిలబెట్టి ఫోన్ చేయించాడు. బిల్లు ఇస్తామని అవతలివాళ్ళు ఒప్పుకునేదాకా అక్కడే నిలబడ్డాడు. ఆయన సభలో మాట్లాడింది చాలా తక్కువ. ప్రొఫైల్‌లో రెండూ రాశాను, ఒకదానికి ఇంకొకటి బదులు అని మాత్రం రాయలేదు.

మనుషులను అడిగేటప్పుడు అనుచరుల దగ్గరికి చివర్లో పోండి. ముందు ఓడిన ప్రత్యర్థిని అడగండి. తిట్టే తిట్లలో తేదీలు చాలా కచ్చితంగా ఉంటాయి. మానేసిన పాత పీఏ, పాత మండల పార్టీ అధ్యక్షుడు దొరికితే ఇంకా మంచిది. వాళ్ళు చెప్పినది కాగితంతో సరిచూశాకే వాడండి. కుటుంబం, పిల్లల చదువులు, ఇష్టమైన వంటకం ఒక్క లైనుతో సరిపోతాయి.

రాసేటప్పుడు వరస ఇట్లా పెట్టుకుంటే తేలిక: ఇప్పటి సీటు, పార్టీ, ఎన్నోసారి. తర్వాత తొలి పదవి. తర్వాత గెలుపులు, ఓటములు సంవత్సరాలతో. తర్వాత సభలో పని, కేసులు, ఆస్తులు. "జన హృదయ నేత", "అపర భగీరథుడు", "బడుగుల ఆశాజ్యోతి" కనబడిన చోటల్లా కొట్టేయండి. ఆడవాళ్ళయితే భర్త పేరుతో మొదలుపెట్టొద్దు. ఆమె గెలిచిన ఎన్నికతో మొదలుపెట్టండి. పాలకుర్తిలో 2023లో యశస్వినీ రెడ్డి ఇరవై ఆరేళ్ళకే ఎర్రబెల్లిని ఓడించారు, ఆ వాక్యానికి ముందు ఇంకో వాక్యం అక్కర్లేదు.

పంపేముందు ఎమ్మెల్యేకో, ఆయన పీఏకో ఫోన్ చేసి తేదీలు మాత్రం చదివి వినిపించండి. కాపీ మొత్తం చదవొద్దు, చదివితే రాత్రి పదింటిదాకా విశేషణాలు చేర్చమంటారు. ఫైలు నియోజకవర్గం పేరుతో దాచుకోండి, మనిషి పేరుతో కాదు. ఓడినవాళ్ళవీ అందులోనే ఉంచండి. లెక్కింపు రోజు ఎనుమాముల మార్కెట్ యార్డు బయట నిలబడి టీవీలో వచ్చిన మెజారిటీని ఫైల్లో ఎక్కించొద్దు. రౌండ్లు అయిపోయినా పోస్టల్ బ్యాలెట్లు కలిపితే అంకె మారుతుంది. రిటర్నింగ్ అధికారి సంతకం పెట్టిన కాగితం వచ్చాకే ఆ గడి నింపండి.